గాలి మీద హక్కు ఎవరిది? మన తెలుగు నేల మీద రేడియో కోసం జరిగిన కొట్లాట

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన మంగళగిరికి కృష్ణ అవతల ఒడ్డునే బెజవాడ రేడియో ఉంది. 1948 డిసెంబర్ 1న మొదలైంది. వార్తలు, పాడిపంటలు, నాటకాలు అన్నీ ఇళ్లల్లోకి తెచ్చింది. గుంటూరు పల్లెల్లో చదువు రాని వాళ్లకి దేశం సంగతి తెలిసింది రేడియో వల్లే. కాకపోతే రేడియో సర్కారుది. 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు సర్కారు ఏం చెప్పమంటే అదే చెప్పింది. వినడం మన వంతు, మాట్లాడడం వాళ్ల వంతు.

ఎందుకలా? 1885లో బ్రిటిష్ వాళ్లు టెలిగ్రాఫ్ చట్టం చేశారు. తీగ మీద వెళ్లే మాటా, తర్వాత గాలిలో వెళ్లే మాటా ప్రభుత్వం గుప్పెట్లోకి పోయింది దానివల్లే. అంతకు ముందు 1871లో ఇదే దొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. అప్పటి మన జిల్లాలోనే, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలని సెటిల్‌మెంట్‌లో పెట్టి హాజరు వేయించుకున్నారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఒక చట్టం మన మనిషి కాలు కట్టేసింది, ఇంకోటి గొంతు కట్టేసింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడమని మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

గాలి సంగతి కోర్టుకెక్కింది మాత్రం క్రికెట్ వల్ల. నవ్వకండి, నిజమే. మ్యాచ్‌లు టీవీలో ఎవరు చూపించాలి అన్న గొడవలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదు అని. ఆ బెంచిలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు.

తీర్పయితే వచ్చింది గానీ పేదోళ్ల చేతికి రేడియో రాలేదు. 2002 అక్టోబర్‌లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'మన రేడియో' అని చిన్నది పెట్టుకున్నారు. అర కిలోమీటరు కూడా సరిగా వినపడేది కాదు. 2003 మొదట్లోనే అధికారులొచ్చి లైసెన్సు లేదని సామాను పట్టుకుపోయారు. అర కిలోమీటరు రేడియోకి ఢిల్లీ అంత భయపడాలా?

అదే టైములో మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో, మాచునూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఇంకో దారి పట్టారు. 1998 నాటికే యునెస్కో సాయంతో స్టూడియో ఉంది, లైసెన్సు లేదు. ఏం చేశారంటే, ప్రోగ్రాములు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. అట్లా పదేళ్లు! 2003లో కేంద్రం కమ్యూనిటీ రేడియోకి అనుమతి ఇచ్చినా అది కాలేజీలు, యూనివర్సిటీలకే. 2006 నవంబర్‌లో గానీ స్వచ్ఛంద సంస్థలకి తలుపు తెరవలేదు. చివరికి 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? తీర్పు ఇచ్చిన సావంత్ గారే. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. విత్తనాలు, జొన్నలు, సామలు, ఆకు వైద్యం, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. టీవీ తెలుగు కాదు.

కానీ ఆ 2006 పాలసీలో ఒక ముల్లు ఉంది. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు, వర్తమాన రాజకీయాలు చెప్పకూడదు. పేపర్ చెప్పొచ్చు, టీవీ ఛానల్ రాత్రంతా అరవొచ్చు, పల్లె రేడియో మాత్రం సర్పంచి ఎన్నిక గురించి మాట్లాడకూడదు. 2013లో కామన్ కాజ్ అనే సంస్థ దీని మీద సుప్రీంకోర్టుకి వెళ్లింది. నాకైతే ఈ నిషేధం పేదోళ్లని నమ్మకపోవడమే అనిపిస్తది. అయినా విత్తనం ఎవరి చేతిలో ఉండాలి అని మాట్లాడితే అది రాజకీయం కాదా? ఆ సొసైటీ మహిళలే కెమెరా పట్టి వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టం మీద సినిమాలు తీశారు. మన పత్తి చేలల్లో కలుపు తీసే అమ్మలు వింటే వెంటనే అర్థమయ్యే సంగతి అది.

మన ఆదివాసీల వైపు వస్తే, 2010లో శుభ్రాంశు చౌదరి, ఆయన మిత్రులు మధ్య భారతంలో 'సీజీనెట్ స్వర' పెట్టారు. ఇది రేడియో కాదు, ఫోను. ఒక నంబరుకి కాల్ చేసి గోండీలోనో హిందీలోనో సంగతి చెప్తే, సరిచూసి అందరికీ వినిపిస్తారు. ఉపాధి కూలి రాలేదు, చేతిపంపు చెడిపోయింది, ఇట్లాంటివి. విన్నవాళ్లు ఆఫీసర్లకి ఫోన్లు చేస్తే కొన్ని పనులు జరిగాయి కూడా. టవరు అక్కర్లేదు.

ఇప్పుడు మన సంగతి. స్టువర్టుపురంలో హాజరు వేయించుకున్న వాళ్ల పేర్లు పోలీసు రిజిస్టర్లలో ఉంటాయి. వాళ్ల గొంతు విందామని వెతికితే నాకు ఒక్క రికార్డింగూ దొరకలేదు. 1952లో పదేళ్లున్న పిల్లలకి ఇప్పుడు ఎనభై దాటింది. బాపట్ల వైపు వాళ్లు, ఎరుకల మాట వచ్చిన వాళ్లు ఎవరైనా గ్రూపులో ఉంటే చెప్పండి అన్నా. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఏ ఆదివారమైనా నేను వస్తా. మైకు లేదు, నా ఫోనే ఉంది. మన పెద్దోళ్లు చెప్తే, మనం విందాం.