తండ్రి పేరు ఇంటిపేరైన వైనం – వేల్సు భూస్వాముల వంశచరిత్ర



వేల్సులో అత్యధికులకున్న ఇంటిపేరు జోన్స్. చిత్రమేమంటే, సంప్రదాయ వేల్షు అక్షరమాలలో ఆ పేరుకు మొదటనున్న ‘జె’ అనే అక్షరమే లేదు. తమ భాషలో లేని అక్షరంతో తమ ఇంటిపేరు ఎందుకు మొదలయిందో వెదకబోతే, ఒక జాతి పేర్లు ఎలా మారాయో, పాత వంశాలను నేటివారు ఎలా వెదకుతున్నారో రెండూ తెలుస్తాయి. ఇక్కడ ముఖ్యంగా భూస్వామ్య కుటుంబాల సంగతే చెబుతాను. పేరు ముందుగా మార్చుకొన్నవారు వారే. పత్రాలు ఎక్కువగా మిగిలినదీ వారివే.

పూర్వం వేల్షువారికి ఇంటిపేర్లు లేవు. కుమారుని పేరు తరువాత ‘అప్’ అని, ఆ తరువాత తండ్రి పేరు చెప్పేవారు. అచ్చుకు ముందు అది ‘అబ్’ అవుతుంది. కుమార్తె అయితే ‘వెర్ఖ్’ అనేవారు. తాత, ముత్తాతల పేర్లూ ఇలాగే కలుపుకొంటూ పోతే పేరే ఒక వంశవృక్షం. తరువాతి కాలంలో ఈ ‘అప్’ పక్క పేరుకు అతుక్కుపోయింది. అప్ హవెల్ పవెల్ అయింది. అప్ రీస్ ప్రైస్ అయింది. అబ్ ఒవైన్ బోవెన్ అయింది. సంధి పాఠం చెప్పే మనకు ఇందులో వింత ఏముంది! ‘చిన్నవాడు’ అనే అర్థమిచ్చే బఖన్ అనే విశేషణం పేరు తరువాత వచ్చినప్పుడు వఖన్ అవుతుంది. మన గసడదవాదేశంలో పకారం వకారమైనట్లే బకారం వకారమైంది. ఆ వఖనే ఇంగ్లీషువారి నోట వాన్ అనే ఇంటిపేరుగా నిలిచింది.

1536లోను, 1543లోను చేసిన చట్టాలు వేల్సును ఇంగ్లండు పాలనలో పూర్తిగా కలిపివేశాయి. న్యాయస్థానాల భాష ఇంగ్లీషు. ఆ భాష రానివారికి ప్రభుత్వ పదవి లేదు. పదవులు కోరిన భూస్వాములు భాషతోపాటు ఇంగ్లీషు పద్ధతిలో స్థిరమైన ఇంటిపేరునూ స్వీకరించారు. బిషప్ రోలండ్ లీ గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. న్యాయస్థానంలో జూరీ సభ్యుల పేర్లు చదువుతుండగా వరుసగా వచ్చే ‘అప్’లకు ఆయన విసిగిపోయి, ఇకపై చివరి పేరో నివాసం పేరో పెట్టుకొమ్మన్నాడట. అలా థామస్ అప్ రిచర్డ్ అప్ హవెల్ అప్ యయాన్ వఖన్ అనే పెద్దమనిషి తన నివాసం పేరిట కేవలం మాస్టిన్ అయ్యాడు. నాలుగు తరాలు రెండక్షరాల మాటున దాగిపోయాయి.

గ్విదిర్ భవనపు వంశంలో జాన్ అనే ఆయనకు ‘విన్’ అనే విశేషణముండేది, తెల్లనివాడని అర్థం. కుమారుడు మారిస్ దానినే ఇంటిపేరు చేసుకొన్నాడు. మనుమడు సర్ జాన్ విన్ (1553–1627) వంశచరిత్ర వ్రాశాడు.

అయితే ఇంటిపేరును నమ్ముకొని వెదకేవారు మోసపోయేది సరిగా ఇక్కడే. ఆ వంశపు చివరి బారొనెట్టు 1719లో మరణించగా విన్‌స్టే ఎస్టేటు వాట్కిన్ విలియమ్స్ అనే బంధువుకు వచ్చింది. ఆయన విలియమ్స్-విన్ అయ్యాడు. 1831లో మాస్టిన్ ఆస్తి సోదరి సంతతికి చేరినప్పుడు లాయిడ్ కుటుంబం రాజానుమతితో లాయిడ్-మాస్టిన్ అయింది. కొడుకుల వరుస తెగినా, భూమితోపాటు ఇంటిపేరూ బదిలీ అయిందన్నమాట.

కనుక ఇంటిపేరుకు తోడు ఊరు, భవనం, వయసు కావాలి. ఇవి జనాభా లెక్కలలో దొరుకుతాయి. బ్రిటనులో 1801 నుండి పదేళ్ళకొకసారి లెక్కలు తీసినా, దేశమంతటా ఇంటింటి మనుషుల పేర్లు లభించేది 1841 నుండి. ఆ ఏడు పదిహేనేళ్ళు దాటినవారి వయసును సాధారణంగా అయిదుల లెక్కకు తగ్గించి వ్రాశారు, బంధుత్వం వ్రాయలేదు. 1851 నుండి ఇంటి యజమానితో బంధుత్వం, పుట్టిన పారిష్ కూడా చేరాయి. ఒక ఊరిలో పదిమంది జాన్ జోన్సులున్నా పుట్టిన ఊరితో వేరు చేయవచ్చు. వృత్తి గడిలో ‘భూమి గలవాడు’, ‘మేజిస్ట్రేటు’ అని కనబడితే వీలునామాలు, ఎస్టేటు పత్రాలు వెదకవలసిన కుటుంబమని తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఆ రాత్రి ఎక్కడ నిద్రించినవారిని అక్కడే లెక్కించారు. దొరగారు లండనులో ఉంటే భవనంలో పనివారి పేర్లే కనిపిస్తాయి.

1891లో వేల్సు పత్రాలలో కొత్త గడి వచ్చింది: వేల్షు మాట్లాడతారా, ఇంగ్లీషా, రెండూనా? నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించేది ఈ గడి. ఒకే కప్పు క్రింద యజమానికి ఒక భాష, వంటమనిషికి ఇంకొకటి ఉన్నదేమో, తాతకున్న భాష మనుమనికి అందినదో లేదో అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. 1901లో వేల్షు తెలిసినవారు జనాభాలో దాదాపు సగం, 2021లో 17.8 శాతం.

పేర్లున్న పత్రాలను నూరేళ్ళ తరువాత బయటపెడతారు. 1921 నాటివి 2022 జనవరిలో వెలువడ్డాయి. 1931 నాటివి 1942లో అగ్నికి ఆహుతయ్యాయి. యుద్ధం వలన 1941లో లెక్కలే తీయలేదు. 1841కి వెనుకకు పోవాలంటే చర్చి రిజిస్టర్లు, అబెరిస్ట్‌విత్‌లోని వేల్సు జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఎస్టేటు పత్రాలు శరణ్యం.

తమిళనాట స్థిరపడిన మన కుటుంబాలలో పలువురికి దీనికి ఎదురు దిశలో జరిగింది. తరతరాల ఇంటిపేరు పత్రాలనుండి తొలగి, దాని స్థానంలో తండ్రి పేరులోని తొలి అక్షరం నిలిచింది. అది ప్రతి తరానికీ మారుతుంది. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం మన దేశంలో వ్యక్తుల వివరాలున్న లెక్కల పత్రాలు ఎవరూ చూడడానికి వీలులేదు. ఇంటిలోని పెద్దలే మనకు పత్రాలు.

ఇంటిపేరు అడిగి వ్రాసుకురమ్మని మా తరగతిలో చెప్పాను. ఒక పిల్లవాడు, తండ్రికి తెలియదని, నాయనమ్మ చెప్పినది తమిళ లిపిలో వ్రాసుకొచ్చాడు. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ఏది సరియైనదో తేలక, మరునాడు మళ్ళీ నాయనమ్మనే అడిగి రమ్మన్నాను.