పెంపుడు ఆక్టోపస్ పిల్లకు సజీవ ఆహారం ఎందుకు? ఎంతకాలం?

అమెరికాలోని కాలిఫోర్నియా, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరాల్లో కనిపించే టూ-స్పాట్ ఆక్టోపస్ (శాస్త్రీయ నామం ఆక్టోపస్ బైమాక్యులాయిడిస్) ఇంటి అక్వేరియాల్లో పెంచే ఆక్టోపస్ జాతుల్లో ఒకటి. కళ్ల కింద రెండు నీలి వలయాలు దీని గుర్తు. ఆయుష్షు సుమారు ఒకటి, రెండేళ్లే. దాని పెంపకంలో అత్యంత కష్టమైన దశ గుడ్డు నుంచి బయటపడిన తొలి వారాలు. అప్పుడు ఎదురయ్యే మొదటి సమస్య తిండి.

కదలికే ఆకలికి పిలుపు

ఆక్టోపస్ పిల్ల ప్రధానంగా చూపుతో వేటాడుతుంది. కదలనిదాన్ని చాలాసార్లు ఆహారంగా గుర్తించదు. అందుకే తొలి దశలో సజీవ ఆహారం తప్పనిసరి అవుతుంది. సాధారణ ఆక్టోపస్ (ఆక్టోపస్ వల్గారిస్) పిల్లలు రెండు, మూడు మిల్లీమీటర్ల పరిమాణంలో పుట్టి, కొన్ని వారాలపాటు నీటిలో తేలుతూ బతుకుతాయి. వాటిని బతికించడం పరిశోధనశాలలకే కష్టం. టూ-స్పాట్ గుడ్లు పెద్దవి. పిల్లలు పుట్టగానే అడుగుకు చేరి వేట మొదలుపెడతాయి.

ఏం వేయాలి?

మొదట ఆంఫిపాడ్లు, మైసిడ్ రొయ్యల వంటి చిన్న సముద్ర జీవులు, పెరిగేకొద్దీ చిన్న పీతలు, రొయ్యలు వేస్తారు. ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీలకు బాగా తెలిసిన ఆర్టీమియా సులువుగా దొరుకుతుంది. కానీ అందులో డీహెచ్‌ఏ వంటి అవసరమైన కొవ్వు ఆమ్లాలు తక్కువ. పోషకాలు పట్టించకుండా దాన్నొక్కటే నమ్ముకుంటే పిల్ల బలహీనపడుతుంది. గోల్డ్ ఫిష్ వంటి మంచినీటి జీవులు ఉప్పునీటిలో ఎక్కువసేపు బతకవు. పోషక విలువలోనూ అవి సముద్రపు ఆహారానికి సాటిరావు.

జాగ్రత్తలు

వేసే జీవి పిల్లకంటే చిన్నదిగా ఉండాలి. పెద్ద పీత తన గోళ్లతో లేత చేతులను గాయపరచగలదు. తినగా మిగిలినవాటిని వెంటనే తీసేయాలి. అవి కుళ్లితే నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. రాగి కలిసిన చేపల మందులు వాడిన తొట్టెలోని జీవులను వేయకూడదు. అకశేరుకాలకు రాగి విషం. ఒకే తొట్టెలో రెండు పిల్లలను పెడితే ఒకదాన్నొకటి తినే ప్రమాదం ఉంది.

నొప్పి ఎవరిది?

బ్రిటన్ 2022లో తెచ్చిన జంతు సంక్షేమ (చేతన) చట్టం ఆక్టోపస్‌లతో పాటు పీతలు, రొయ్యలు, లాబ్‌స్టర్లను కూడా చేతన గల జీవులుగా గుర్తించింది. అంటే తినేదానికీ, తిండి అయ్యేదానికీ బాధ తెలుస్తుందని చట్టమే అంగీకరించింది. ఆ చట్టం ప్రభుత్వ విధానాలకు సంబంధించినదే, పెంపకందార్లపై నేరుగా ఆంక్షలు పెట్టదు. అయినా తొట్టె ముందు నిలబడేవారికి ఆ ప్రశ్న తప్పదు.

దీనికి ఆచరణలో కొంత పరిష్కారం ఉంది. పిల్ల ఎదిగాక చచ్చిన రొయ్య ముక్కను పుల్లకు గుచ్చి ముందు కదిలిస్తే, చాలావరకు అందుకోవడం నేర్చుకుంటుంది. పిల్ల దశలో సజీవ ఆహారం అవసరం. ఆ దశ దాటాక కూడా దాన్నే కొనసాగిస్తే అది అవసరం కోసం కాదు, చూసేవారి వినోదం కోసమే.