గాలి తగిలితే మండే ద్రవం: కర్బన లోహ సమ్మేళనాల తొలి పరిశోధనలు

కార్బన్ పరమాణువు లోహ పరమాణువుతో నేరుగా బంధం ఏర్పరచుకున్న పదార్థాలను కర్బన లోహ సమ్మేళనాలు అంటారు. తొలి పరిశోధకులకు వీటిని తయారుచేయడం కన్నా, తయారైనదాన్ని గాలి తగలకుండా వేరుచేయడమే పెద్ద సవాలైంది.

1760లో ఫ్రెంచ్ రసాయనవేత్త లూయీ క్లాడ్ కాడె ఆర్సెనిక్ ఆక్సైడ్‌ను పొటాషియం అసిటేట్‌తో కలిపి వేడిచేశారు. పొగలు కక్కే దుర్గంధ ద్రవం వచ్చింది. ఆర్సెనిక్ పూర్తి లోహం కాకపోయినా, ఈ శాస్త్ర చరిత్ర ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ ద్రవంలో ఏముందో తేల్చే పనిని 1837 ప్రాంతంలో జర్మనీలో రాబర్ట్ బున్సెన్ చేపట్టారు. ఆ ప్రయోగాల్లో జరిగిన పేలుడులో ఆయన ఒక కంటి చూపు కోల్పోయారు.

అసలు మలుపు ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్‌ది. 1848లో ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన పనిని ఆయన 1849లో మార్బుర్గ్‌లో, బున్సెన్ ప్రయోగశాలలో కొనసాగించారు. ఇథైల్ రాడికల్‌ను విడిగా పట్టుకోవాలన్నది ఆయన ఉద్దేశం. సీలు చేసిన గాజు గొట్టంలో ఇథైల్ అయొడైడ్‌ను జింక్‌తో వేడిచేశారు. వెలువడిన వాయువే ఇథైల్ అనుకున్నారు. నిజానికి అది రెండు ఇథైల్‌లు జతకట్టిన బ్యూటేన్.

విలువైనది గొట్టంలో మిగిలిన తెల్లటి పదార్థం. దాన్నుంచి డైఇథైల్ జింక్ లభించింది. ఈ రంగులేని ద్రవం 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. గాలి సోకితే దానంతటదే అంటుకుంటుంది. నీటితో తీవ్రంగా చర్య జరిపి ఈథేన్‌ను ఇస్తుంది. అందుకే ఫ్రాంక్లండ్ పరికరాల్లోని గాలిని తొలగించి, హైడ్రోజన్ నింపి స్వేదనం చేశారు. హైడ్రోజన్ మండే వాయువే అయినా, ఆక్సిజన్ లేనిచోట మంటకు ఆస్కారం లేదు.

కోరిన రాడికల్ దొరకలేదు కానీ అంతకన్నా పెద్ద ఫలితం దక్కింది. ఈ సమ్మేళనాలను పోల్చి చూసిన ఫ్రాంక్లండ్, ప్రతి మూలకానికీ ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యానికి ఒక పరిమితి ఉందని 1852లో ప్రతిపాదించారు. నేడు పాఠశాలలో చదివే సంయోజకతకు పునాది అదే.

1900లో విక్టర్ గ్రిగ్నార్డ్ జింక్ స్థానంలో మెగ్నీషియం వాడారు. ఈథర్‌లో తయారైన సమ్మేళనాన్ని వేరుచేయకుండా అక్కడే వాడుకునే వీలు కలిగింది. ఇందుకు ఆయనకు 1912లో నోబెల్ బహుమతి లభించింది. అయినా వేరుచేసి చూడవలసిన సమ్మేళనాలకు ఫ్రాంక్లండ్ సూత్రమే ఇప్పటికీ ఆధారం. కాకపోతే హైడ్రోజన్‌కు బదులు నైట్రోజన్, ఆర్గాన్ వచ్చాయి.