వరిబీజం – వృషణ క్యాన్సర్: చికిత్సాచరిత్రలో తెలుగు జాడలు

వ్యాససంగ్రహం: యువకులకు వచ్చే వృషణ క్యాన్సర్ గత అర్ధశతాబ్దంలో దాదాపుగా నయమయ్యే వ్యాధిగా మారింది. ఈ మార్పు ఎలా వచ్చిందో, అందులో యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు ఉన్న స్థానమేమిటో, బోదవ్యాధి ప్రబలిన తెలుగు ప్రాంతాల్లో ఈ వ్యాధి ‘వరిబీజం’ అనే మాట చాటున ఎందుకు ఉండిపోతోందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వృషణ క్యాన్సర్, వరిబీజం, బోదవ్యాధి, యల్లాప్రగడ సుబ్బారావు, మెథోట్రెక్సేట్, సిస్‌ప్లాటిన్.

1. ఉపోద్ఘాతం

పురుషులకు వచ్చే క్యాన్సర్లన్నింటిలో వృషణ క్యాన్సర్ వాటా ఒక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 74 వేలమందికి ఈ వ్యాధి సోకగా, 9 వేల పైచిలుకు మంది మరణించారు. డెన్మార్క్, నార్వే వంటి దేశాల్లో ఏటా లక్షమంది పురుషుల్లో పదిమందికి అటూ ఇటూగా కనిపించే ఈ వ్యాధి భారతదేశంలో లక్షకు ఒక్కరికన్నా తక్కువమందిలోనే కనిపిస్తుంది. అయితే క్యాన్సర్లు సాధారణంగా ముదిమిలో పలకరిస్తాయి. ఇది మాత్రం 15 నుంచి 40 ఏళ్ల మధ్యవారిని, అంటే మన తరగతి గదుల్లో కూర్చునే వయసువారిని ఎక్కువగా ఎంచుకుంటుంది. వ్యాధి అరుదైన పేద దేశాల్లోనే, అది వచ్చినవారిలో మరణించేవారి నిష్పత్తి ఎక్కువ. మందు ఉంది, మనిషి మందు దాకా చేరడంలోనే ఆలస్యం జరుగుతోంది. ఆ ఆలస్యానికి కారణాల్లో భాష కూడా ఒకటని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. పేర్ల తికమక

పాఠశాల జీవశాస్త్రంలో ఈ అవయవాల పేరు ‘ముష్కాలు’; వాటి సంచి ‘ముష్కగోణి’. పత్రికల్లో ‘వృషణాలు’. ఆయుర్వేద పరిభాషలో ‘అండం’ అన్నా ఇదే అవయవం; అందుకే అక్కడ వాపును ‘అండవృద్ధి’ అన్నారు. ఆధునిక విజ్ఞానశాస్త్ర పరిభాషలో మాత్రం ‘అండం’, ‘అండాశయం’ స్త్రీ దేహానికి చెందిన మాటలయ్యాయి. గ్రంథాల్లో ఇన్ని పేర్లున్న ఈ అవయవాన్ని ఇంట్లో పెద్దల ముందు ప్రస్తావించడానికి యువకుడి నోట ఒక్క మర్యాదైన మాటా రాదు. వాపుకు మాత్రం అందరికీ తెలిసిన మాట ఉంది: వరిబీజం. కొన్నిచోట్ల ‘బుడ్డ’ అంటారు.

వరిబీజం అంటే వృషణం చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు చేరడం. దోమల ద్వారా సోకే బోదవ్యాధి క్రిములు దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ వ్యాధి తరతరాలుగా పాతుకుపోయిన కోస్తా జిల్లాల్లోనూ, తెలంగాణలోని పలు ప్రాంతాల్లోనూ వృషణాల సంచి ఉబ్బితే జనం చెప్పుకునే నిర్ధారణ ఈ ఒక్క మాటే. చాలాసార్లు అది నిజం కూడా. ప్రాణం తీయని జబ్బు కనుక ఏళ్ల తరబడి ఓర్చుకున్నవారూ ఉన్నారు. చిక్కు ఎక్కడంటే, వృషణంలో పుట్టిన క్యాన్సర్ కణితి కూడా సాధారణంగా నొప్పి పెట్టదు. గట్టి గడ్డగానో, బరువుగానో తెలుస్తుంది. కొన్ని సందర్భాల్లో దాని చుట్టూ కూడా నీరు చేరుతుంది. అప్పుడు పైకి కనిపించేది వరిబీజమే.

3. తప్పుగా చదివిన రోగం

పేరు తప్పితే చికిత్స తప్పడం కొత్త కాదు. 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ పొగగొట్టాలు తుడిచే కుర్రవాళ్ల వృషణాల సంచి చర్మంపై వచ్చే క్యాన్సర్‌ను వర్ణించారు. ఒక వృత్తికీ ఒక క్యాన్సర్‌కూ సంబంధం చూపిన తొలి రచనగా ఇది వైద్యచరిత్రలో ప్రసిద్ధం. అది చర్మ క్యాన్సర్. ఇక్కడ మనం చర్చిస్తున్న వ్యాధి వేరు. అయినా పాట్ చెప్పిన ఒక విషయం ఈ చర్చకు అవసరం. ఆ పుండును వైద్యులు సైతం సుఖవ్యాధిగా భావించి పాదరసం ఇచ్చేవారని ఆయన రాశారు. పుండు ఉన్న చోటును బట్టి రోగికి ఒక నడవడిని అంటగట్టారు. అసలు కారణం పొగగొట్టాల మసి.

వృషణ కణితుల విషయంలో స్పష్టత ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1906లో పారిస్‌లో మారిస్ షవస్సూ వీటిని విడదీసి, వీర్యకణాలకు మూలమైన కణాలను పోలినదాన్ని ‘సెమినోమా’గా గుర్తించారు. పెద్ద ఎత్తున వర్గీకరణ సాధ్యమైంది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతనే. అమెరికా సైన్యం నుంచి సేకరించిన 922 కేసులను ఫ్రీడ్‌మన్, మూర్ 1946లో ప్రచురించారు. అరుదైన వ్యాధి అధ్యయనానికి అన్ని నమూనాలు ఒకేచోట చేరడానికి కారణం ఊహించడం కష్టం కాదు. లక్షలాది యువకులు సైన్యంలో ఉన్నారు. అక్కడ దేహపరీక్షకు సిగ్గుపడే వీలు లేదు.

4. భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా

మందుల చరిత్రలోకి వస్తే తెలుగు పాఠకుడికి పరిచితమైన పేరు ఎదురవుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను ఆయన బృందం తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ను 1947 చివరలో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడారు. దానికి దగ్గరి బంధువే మెథోట్రెక్సేట్.

ఈ మెథోట్రెక్సేట్‌ను 1956లో మిన్ చియు లీ, మాయ కణాల నుంచి పుట్టే ఒక క్యాన్సర్‌తో ఉన్న స్త్రీలకు ఇచ్చారు. కణితి కంటికి కనబడకపోయినా మూత్రంలో గర్భధారణ హార్మోను మిగిలి ఉన్నంతకాలం ఆయన మందు ఆపలేదు. అతిచికిత్స చేస్తున్నారన్న అభియోగంపై జాతీయ క్యాన్సర్ సంస్థలో ఉద్యోగం కోల్పోయారు. తరువాతికాలంలో ఆయన చేసిందే సరైనదని తేలింది. అదే హార్మోను కొన్ని వృషణ కణితుల నుంచి కూడా వెలువడుతుంది. 1960లో లీ, ఆయన సహచరులు మెథోట్రెక్సేట్‌తో మరి రెండు మందులను కలిపి, దేహంలో వ్యాపించిన వృషణ క్యాన్సర్‌పై ప్రయోగించారు. కొందరిలో కణితులు కరిగాయి; దీర్ఘకాలం నిలిచినవారు తక్కువ. అయినా మందుల కలయికతో ఈ వ్యాధిని లొంగదీయవచ్చన్న నమ్మకం అక్కడే మొదలైంది.

సుబ్బారావు ఇది చూడలేదు. 1948లోనే మరణించారు. ఆయన బృందం నుంచే 1947లో వెలువడిన మరొక మందు హెట్రజాన్, అంటే డైఇథైల్ కార్బమజైన్. అది బోదవ్యాధికి ఇచ్చే మందు. వరిబీజానికి మూలమైన క్రిమిని చంపే మందూ, వరిబీజం చాటున దాగే క్యాన్సర్‌పై తొలినాళ్లలో ప్రయోగించిన మందూ ఒకే ప్రయోగశాల నుంచి, భీమవరం మనిషి పర్యవేక్షణలో వచ్చాయి. సుబ్బారావు జీవితచరిత్రలు ఈ రెంటినీ వేర్వేరు ఘనతలుగా పేర్కొంటాయి. వృషణ క్యాన్సర్ వైపు నుంచి చూసినప్పుడే అవి ఒకచోట కలుస్తాయి.

5. ప్లాటినం, బిళ్ళగన్నేరు

1965లో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియాపై విద్యుత్ క్షేత్రం ప్రభావాన్ని పరిశీలిస్తున్నారు. బాక్టీరియా విభజన ఆపివేసి పోగుల్లా సాగిపోయాయి. కారణం విద్యుత్తు కాదని, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి ద్రావణంలోకి చేరిన సమ్మేళనాలని తేలింది. వాటిలో ముఖ్యమైనదాన్ని ఇటలీకి చెందిన పేరోనె 1840లలోనే తయారుచేశారు. నూరేళ్లకు పైగా దాని ఉపయోగం ఎవరికీ తట్టలేదు. అదే సిస్‌ప్లాటిన్.

1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్, సిస్‌ప్లాటిన్‌కు విన్‌బ్లాస్టిన్, బ్లియోమైసిన్‌లను జోడించారు. విన్‌బ్లాస్టిన్ మన పెరళ్లలో పూచే బిళ్ళగన్నేరు నుంచి తీసిన పదార్థం. 1977లో ప్రకటించిన ఫలితాల్లో 47 మందిలో దాదాపు ముప్పావువంతు మందికి కణితులు పూర్తిగా మాయమయ్యాయి. అంతకుముందు దేహమంతా వ్యాపించిన వృషణ క్యాన్సర్ నుంచి బతికి బయటపడినవారు పదిమందిలో ఒక్కరు. 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం సిస్‌ప్లాటిన్‌కు అనుమతినిచ్చింది. నేడు అన్ని దశలనూ కలిపి చూస్తే, మంచి వైద్యం అందే దేశాల్లో ఐదేళ్లకు పైగా జీవిస్తున్నవారు 95 శాతం వరకు ఉన్నారు.

ఈ వ్యాధి లోకం నోట పడింది 1996లో, సైక్లింగ్ క్రీడాకారుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వల్ల. వాపును సైకిల్ తొక్కడం వల్ల వచ్చినదిగా భావించి ఉపేక్షించానని ఆయనే రాసుకున్నారు. తెలిసేసరికి వ్యాధి ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. ఆయన పతకాలు తరువాత రద్దయ్యాయి. ఆ ఉదంతం వేరు. 2011 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారుడిగా నిలిచిన యువరాజ్ సింగ్‌కు ఛాతీ మధ్యభాగంలో సెమినోమా ఉన్నట్లు తేలి, 2012లో ఐన్‌హార్న్ పర్యవేక్షణలోనే చికిత్స జరిగింది. బీజకణాల నుంచి పుట్టే కణితి ఛాతీలోనూ రావచ్చునని భారతీయులకు అప్పుడే తెలిసింది. అది ఛాతీలో కాక వృషణంలోనే వచ్చి ఉంటే మన ఇళ్లలో, టీకొట్ల దగ్గర అంత ధారాళంగా చర్చ జరిగేదా అన్నది నా సందేహం.

6. ఎవరు జాగ్రత్తపడాలి?

కారణాలన్నీ తేలలేదు కానీ ప్రమాదం ఎక్కువగా ఉన్నవారెవరో తెలుసు. పుట్టుకతో వృషణం సంచిలోకి దిగనివారు, తండ్రికో సోదరుడికో ఈ వ్యాధి వచ్చినవారు, ఒకవైపు ఇదివరకే వచ్చినవారు. దిగని వృషణాన్ని శైశవంలోనే, ఏడాదిన్నర వయసులోగా శస్త్రచికిత్సతో దించడం మేలని నేటి వైద్యుల మాట. ‘పెద్దయితే అదే దిగుతుందిలే’ అని ఊరుకోవడం మన కుటుంబాల్లో సాధారణం.

ప్రతి యువకుడికీ పరీక్షలు చేయాలని ఎవరూ అనడం లేదు. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2011లో, లక్షణాలు లేనివారికి సామూహిక పరీక్షలు అనవసరమనే చెప్పింది. గడ్డ తగిలినవాడు ఆలస్యం చేయకుండా చెప్పుకోగలగాలి. అల్ట్రాసౌండ్ స్కాన్‌తో నీటికీ కణితికీ ఉన్న తేడా తెలుస్తుంది. స్కాన్ లేకుండా వరిబీజమని సూదితో నీరు తీయడం, సంచిని కోయడం ప్రమాదకరం. కణితి ఉంటే దాన్ని గజ్జ వద్ద గాటు పెట్టి తీస్తారు. సంచిని కదిపితే క్యాన్సర్ కొత్త దారుల్లో వ్యాపించే అవకాశముంది.

నోరు మెదపనివ్వని భయం మరొకటి ఉంది, పెళ్లి. రెండవ వృషణం ఆరోగ్యంగా ఉంటే ఒకదాన్ని తీసివేసినా సంసారానికీ సంతానానికీ సాధారణంగా లోటు రాదు. మందుల చికిత్సకు ముందే వీర్యాన్ని భద్రపరచుకునే వీలుంది. ఈ రెండు మాటలు చెప్పేవారు లేకపోవడం వల్లే చాలామంది సంబంధాలు కుదిరేదాకా దాస్తారు.

దేశంలో బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ హెట్రజాన్ మాత్రలు పంచుతున్నారు. వాటితోపాటు ఆరోగ్య కార్యకర్తలు ఊళ్లో వరిబీజం ఉన్నవారి జాబితాలు కూడా రాస్తారు. ఆ జాబితాలో నలభై ఏళ్ల లోపువారి పేర్ల పక్కన ‘స్కాన్ అయిందా?’ అని ఇంకొక గడి గీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.