సైకిల్ దిగమన్న వీధి



ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 మీ దగ్గర ఉంటే ఒకసారి తీయండి. 2015లో దానికి పెద్ద సవరణ జరిగింది, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)లో చివరి అక్షరాల దాకా వెళ్ళండి. జెడ్ఏ, అందులో బి. బహిరంగ స్థలంలో దళితుడు సైకిలో మోటార్ సైకిలో ఎక్కకుండా, తొక్కకుండా అడ్డుకోవడం, చెప్పులు వేసుకోనివ్వకపోవడం, కొత్త బట్టలు కట్టనివ్వకపోవడం, పెళ్ళి ఊరేగింపు ఆపడం నేరం అని ఉంటుంది. ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా శిక్ష.

చట్టంలోకి ఏ మాటా ఊరికే రాదు. సైకిల్ అనే మాట 2015లో పార్లమెంటు దాకా ఎందుకు వెళ్ళింది? రోడ్ల మీద అందరికీ సమాన హక్కు ఉందని రాజ్యాంగం 15వ అధికరణం 1950లోనే చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా అరవై అయిదేళ్ళ తర్వాత కూడా సైకిల్ పేరు పెట్టి రాయాల్సి వచ్చిందంటే, దాని వెనక దింపేసిన సైకిళ్ళు ఎన్ని ఉండి ఉండాలి?

ఈ వారం ఆ సంగతి రాస్తున్నాను. కారణం మా కుర్రాళ్ళ ఆదివారం రైడ్. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు బండి దగ్గర మొదలుపెట్టాలి.

1901లో తొమ్మిదీ పదేళ్ళ భీంరావ్ తన అన్నతో, మేనల్లుడితో కలిసి నాన్న పనిచేసే ఊరికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్‌లో రైలు దిగారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలు. కులం తెలిసేదాకా స్టేషన్ మాస్టరు కూడా ఆప్యాయంగానే ఉన్నాడు. మహర్లమని చెప్పాక ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, షరతు మీద. రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు.

1929లో అదే మనిషి బారిస్టర్ అంబేడ్కర్. బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్‌లో మహర్ వాడ వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళడానికి వచ్చారు. టాంగా దొరికింది గానీ, అంటరానివాణ్ణి కూర్చోబెట్టుకుని తోలడం టాంగావాడికి నామోషీ. తోలడం రాని వాడ మనిషే పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుని బండి దెబ్బతింది, అంబేడ్కర్ కింద పడ్డారు, కాలు విరిగింది. ఈ రెండు సంగతులూ ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో స్వయంగా రాసుకున్నారు. చదవనివాళ్ళు చదవండి, చిన్న పుస్తకమే.

ఈ రెండు ఘటనల్లోనూ బాబాసాహెబ్ దగ్గర డబ్బు ఉంది, ఎదురుగా బండి ఉంది, దారి ఉంది. తోలేవాడే లేడు. కులం ఆ తోలేవాడి చేతిలో కూర్చుంది.

అంతకు ముందే, 1893లో, తిరువాన్కూరులో ఒక పులయ యువకుడు ఈ చిక్కుకి ఇంకో జవాబు చెప్పాడు. అయ్యంకాళి. చదువు రాని వ్యవసాయ కూలీల కులంలో పుట్టినవాడు. సొంతంగా విల్లుబండి కొన్నాడు. రెండు తెల్ల ఎడ్లు కట్టాడు. తెల్ల పంచె కట్టి, తలపాగా చుట్టి, పులయలు నడవకూడని రాజబాటలో వెళ్ళాడు. దారి కాసినవాళ్ళు మీదికొస్తే కత్తి తీసి నిలబడ్డాడు. తర్వాత బాలరామపురం వైపు జనంతో నడిచినప్పుడు పెద్ద కొట్లాటే జరిగింది. ఆ తిరువాన్కూరులోనే 1924 మార్చి 30న వైకోం సత్యాగ్రహం మొదలైంది. గుడి లోపలికి రానిమ్మని కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవనిమ్మని. ఇరవై నెలల పోరాటం తర్వాత మూడు వైపుల రోడ్లు తెరిచారు. తూర్పు రోడ్డు మాత్రం సవర్ణులకే ఉంచుకున్నారు. రోడ్డును కూడా దిక్కుల వారీగా పంచుకోగలిగిన దేశం మనది.

ఇప్పుడు సైకిల్ ఎందుకంత ముఖ్యమో తేలిగ్గా అర్థమవుతుంది. 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ రెండు సమాన చక్రాల సైకిల్ తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. ఇండియా ఫ్యాక్టరీల్లో సైకిళ్ళు విరివిగా తయారవడం 1950ల నుంచి. మద్రాసు టీఐ, సోనీపట్ అట్లాస్, లూధియానా హీరో. సైకిల్‌కి తోలేవాడు అక్కర్లేదు, ఎడ్లు అక్కర్లేదు, మేత అక్కర్లేదు. మనల్ని ఎక్కించుకోనని చెప్పే మనిషే దాంట్లో లేడు. మన వాడలకు అది అలాంటి మొదటి బండి.

అందుకే కులం బండి దగ్గర్నుంచి లేచి రోడ్డు మీద కాపు కాసింది. కొనుక్కో, కానీ మా వీధిలో దిగి నడిపించుకుపో. తెలంగాణలో దొర గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని, సైకిల్ దిగి, తల వంచుకుని దాటిన తరం ఇంకా బతికే ఉంది. మన పెద్దల్ని అడగండి. కోస్తాలో గడీలు లేవు గానీ రామాలయం అరుగులు ఉన్నాయి, అరుగుల మీద కూర్చునే పెద్దలూ ఉన్నారు. ఇదంతా పాత కథ అనుకునేవాళ్ళ కోసం ఇంకో మాట. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చేసిన సర్వేని ఘనశ్యామ్ షా, సుఖదేవ్ థొరాట్, హర్ష్ మందర్ తదితరులు 2006లో పుస్తకంగా తెచ్చారు. ఊరి వీధిలో సైకిల్ తొక్కనివ్వకపోవడం అందులో నమోదైన అంటరానితనాల్లో ఒకటి.

సైకిల్ దిగమనడానికి ఒక పద్ధతి ఉంది. ఒంటరిగా ఉన్నవాణ్ణే దిగమంటారు. ఈ సంగతి మన దేశానిదే కాదు.

అమెరికాలో 1890ల్లో సైకిల్ పిచ్చి పట్టినప్పుడు అతిపెద్ద సైకిల్ సంఘం లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్. మంచి రోడ్లు వెయ్యాలని ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చింది వాళ్ళే. 1894లో అదే సంఘం సభ్యత్వం తెల్లవాళ్ళకే అని తీర్మానించింది. రోడ్డు బాగుండాలి, రోడ్డు మీద నల్లవాడు ఉండకూడదు. ఆ తీర్మానం తప్పని వాళ్ళ వారసులు ఒప్పుకుంది 1999లో. ఆ రోజుల్లోనే మేజర్ టేలర్ అనే నల్లజాతి యువకుడు రేసుల్లోకి వచ్చాడు. 1897లో మసాచుసెట్స్‌లో ఒక రేసు అయిపోగానే, అతని వెనకబడిన తెల్ల ఆటగాడు గొంతు పట్టుకుని స్పృహ తప్పేదాకా నులిమాడు. అదే టేలర్ 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఛాంపియన్ అయినా ట్రాక్ మీద మాత్రం ఒంటరే.

అదే 1897లో ఇంకో దృశ్యం. 25వ పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు, ఒక తెల్ల అధికారి కింద, మాంటానాలోని ఫోర్ట్ మిసౌలా నుంచి సెయింట్ లూయిస్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళారు. 1,900 మైళ్ళు, అంటే సుమారు మూడు వేల కిలోమీటర్లు. 41 రోజులు. బురద, మంచు, ఎండ. టేలర్ గొంతు పట్టుకున్నట్టు ఆ ఇరవై మందిని పట్టుకోవడం ఎవరి తరం? వాళ్ళు తొక్కింది సైన్యం కోసమే. ఇరవై మంది ఒకే వరుసలో కలిసి వెళ్ళారనేది మనకు కావలసిన పాఠం.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1983 వసంతం. కాన్షీరాం 1978లో బామ్‌సెఫ్, 1981లో డీఎస్4 పెట్టి ఉన్నారు. డబ్బు లేదు, పత్రికలు రాయవు, కార్లు లేవు. మార్చిలో వందమంది దాకా కార్యకర్తలతో సైకిల్ మీద బయల్దేరారు. ఢిల్లీ చుట్టూ ఏడు రాష్ట్రాలు, దాదాపు నలభై రోజులు, సుమారు మూడు వేల కిలోమీటర్లు. దాన్ని రెండు కాళ్ళ, రెండు చక్రాల మహిమ అని చెప్పుకున్నారు. మరుసటి ఏడాది 1984 ఏప్రిల్ 14న బహుజన్ సమాజ్ పార్టీ పుట్టింది. ఎన్నికల గుర్తు ఏనుగు. కానీ ఏనుగుకు ముందు సైకిల్ ఉంది.

ఆ యాత్ర దారిలో ఎన్నో ఊళ్ళు తగిలి ఉంటాయి. ఒంటరిగా వెళ్తే దిగి నడవాల్సిన వీధులు వాటిలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. వందమంది ఒకేసారి వస్తే అరుగు మీది పెద్దమనిషి ఎవర్ని దిగమంటాడు?

ఆ ఏడాది మన దగ్గర కూడా సైకిలే గెలిచింది. 1983 జనవరిలో తెలుగుదేశం సైకిల్ గుర్తు మీద అధికారంలోకి వచ్చింది. ఆత్మగౌరవం అన్నారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్ళు కలపొద్దని అడిగినందుకు ఆరుగురిని చంపారు. గోడ మీద సైకిల్ గుర్తు వేరు, వీధిలో మన కింద ఉండే సైకిల్ వేరు.

ఆడవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం అరివొళి ఇయక్కం ఆడవాళ్ళకు సైకిల్ కూడా నేర్పింది. కలెక్టర్ షీలా రాణీ చుంకత్ దాన్ని భుజాన వేసుకున్నారు. కూలీలు, క్వారీ పనివాళ్ళు, నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు నేర్చుకున్నారు. లక్ష మందికి పైనే సైకిలెక్కారని పాలగుమ్మి సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. చాలామందికి అవే నచ్చాయి కూడా, ముందు బారు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని. వాళ్ళు కూడా గుంపులుగానే నేర్చుకున్నారు. ఒక్క ఆడమనిషి సైకిల్ తొక్కితే ఊరు మాటలంటుంది. వందమంది తొక్కితే అది ఊరి అలవాటు అవుతుంది.

ఇక మా రైడ్.

మాది డెల్టా. ఫాల్గుణం వచ్చాక, మినుము తీసేశాక, ఎండ ముదరక ముందు ఒక నెలా నెలన్నర సైకిల్‌కి మంచి కాలం. ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి వాడలో బాబాసాహెబ్ విగ్రహం దగ్గర కలుస్తాం. పద్నాలుగు మందిమి. రెండు గేరు సైకిళ్ళు, మిగతావి మామూలువి, ఒకటి గవర్నమెంటు బడిలో చెల్లెలికి ఇచ్చింది. డిగ్రీ పిల్లలు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక నర్సు, ఇద్దరు టీచర్లు. వేపపూత వాసన ఉంటుంది, కాలవ మీద పొగమంచు పలచగా ఉంటుంది. ఒక ఆదివారం చుండూరు దాకా వెళ్ళాం. 1991 ఆగస్టు 6న చంపిన ఎనిమిది మందిని పూడ్చిన రక్తక్షేత్రం దగ్గర సైకిళ్ళు స్టాండు వేసి కాసేపు కూర్చున్నాం. ఆ గొడవ మొదలైంది సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రాడి కాలు తగిలిందని. తోవలో ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగాడు, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ ఎలా వదిలేసిందని. తిరిగొచ్చేదాకా అదే మాట. తరగతి గదిలో ఇంత సేపు ఎవరూ వినరు.

మాకు ఒక చిక్కు ఉంది. మెయిన్ రోడ్డు ఎక్కాలంటే రెండు దార్లు. ఊళ్ళోంచి నడివీధి, లేదా చుట్టూ తిరిగి కాలవకట్ట. మొదటి వారమే వాడలో ఒక తాత అన్నాడు, "కట్టమీద పోవచ్చుగా అబ్బాయ్, ఊళ్ళోంచి ఎందుకంట?" ఆయన పిరికివాడు కాదు. ఆ వీధిలో సైకిల్ దిగి నడిచిన మనిషి. మనవళ్ళ మీద చెయ్యి పడకూడదని ఆయన భయం. ఇప్పుడు ఆ వీధిలో దిగమనేవాడు లేడు. కానీ పద్నాలుగు సైకిళ్ళు బెల్లు కొట్టుకుంటూ పోతుంటే అరుగు మీద మాటలు ఆగిపోతాయి. "ఎవరి తాలూకురా మీరు?" అన్న ప్రశ్న రెండుసార్లు వచ్చింది. మాలో కొందరు కట్టే నయం, గాలి బాగుంటుంది అంటున్నారు. వచ్చే ఆదివారం కూర్చుని తేల్చుకుంటాం.

నా మాట ఇక్కడే చెప్తున్నాను. నడివీధినే వెళ్ళాలి. ఎవర్నీ రెచ్చగొట్టడానికి కాదు. మన పన్నులతో, చాలాచోట్ల మన కూలీల చేతులతో వేసిన సిమెంటు రోడ్డు అది. కట్ట చుట్టూ తిరిగినంత కాలం ఆ వీధి దిగమన్న వీధిగానే మిగిలిపోతుంది. వెళ్ళేటప్పుడు అందరం కలిసి వెళ్దాం, చెల్లెళ్ళు మధ్యలో దాక్కోకుండా ముందు వరుసలో ఉంటారు. ఎవరైనా ఆపితే చెయ్యెత్తొద్దు, ఫోన్ ఎత్తండి. సెక్షన్ ఏదో పైన రాశాను.

నగరాల్లోని పిల్లలకు ఒక మాట. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ కప్పుతో. మంచిదే, తొక్కండి. అయితే మీరు తెల్లారి బయల్దేరే వేళకు రోడ్లు ఊడ్చి పెట్టిన మన ఆడవాళ్ళను, పాత సైకిల్ మీద డ్యూటీకి పోయే వాచ్‌మన్ బాబాయిని కూడా మీ గుంపులో లెక్కేసుకోండి. ఆరోగ్యం కోసం తొక్కేవాడికే రోడ్డు, బతుకు కోసం తొక్కేవాడు ఓరగా పోవాలి అంటే, అది 1894 నాటి వీల్‌మెన్ తీర్మానమే.

ఏప్రిల్ 11 ఫూలే జయంతి, 14 బాబాసాహెబ్ జయంతి. ఈ మధ్యలో ఒక ఉదయం మీ మీ ఊళ్ళలో సైకిళ్ళు తీయండి. కొత్తవి అక్కర్లేదు, చెయిన్‌కి నూనె పెడితే చాలు. వెళ్ళే ముందు పెద్దల్ని ఒక్క ప్రశ్న అడగండి. ఏ వీధిలో సైకిల్ దిగేవారు? ఆ వీధి పేరు రాసుకోండి. రైడ్ ఆ వీధిలోంచే పోవాలి.

జై భీం.