పూసల పేరు

దారానికో తీగకో పూసలు గుచ్చి చేసే మెడ నగ. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల మొదట్లో జరిపిన తవ్వకాల్లో శాతవాహన కాలపు గాజు, రాతి, మట్టి పూసలు బయటపడ్డాయి. రాతిపూసలో అసలు పనితనమంతా బెజ్జంలోనే ఉంది. రెండు వైపుల నుంచి తొలిచినప్పుడు బెజ్జాలు నడుమ సరిగ్గా కలవకపోతే పూస పేరులో వంకరగా కూర్చుంటుంది. గాజుకు ఆ బాధ లేదు: కరిగిన గాజును గొట్టంలా సాగదీసి ముక్కలు కోస్తే బెజ్జం ముందే ఉంటుంది.

రేగొండ లాంటి తెలంగాణ పల్లెల్లో పూసలు, దువ్వెనలు, సూదులు ఇంటింటికీ తెచ్చి అమ్మింది పూసలోళ్లే. నల్లపూసల పేరు సంగతి వేరు, అది పెళ్లి నగ. అందులో గాజుపూసల నడుమ బంగారు గుండ్లు, పగడం, ముత్యం పడతాయి. దారం చెమటకు నాని తెగుతుంది కాబట్టి తీగతో అల్లించాలంటే అవుసలాయన దగ్గరికి పోవాల్సిందే. ఆయన పూసలోంచి దూర్చిన తీగ కొనను పట్టుకారుతో కొక్కెంలా వంచి, పక్క పూస తీగకు తగిలిస్తాడు.