5.1 డబ్బాలో ఆరు దారులు ఎక్కడ విడిపోతాయి?

ఈ ఎపిసోడ్‌లో హోం థియేటర్ కథ మాట్లాడుకుందాం. మన కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో "అన్నా, 5.1 కావాలి" అని అడిగితే ముందు చూపించేది అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్. కంపెనీ ఏవీ రిసీవర్ కావాలంటే ఎక్కువగా హైదరాబాద్ పోవాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. రెండింటి మీదా 5.1 అనే రాసి ఉంటుంది, ధరలో మాత్రం బోలెడు తేడా. ఎందుకంత తేడా అంటే కొంచెం వెనక్కి పోవాలి.

1932లో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చినప్పుడు సౌండ్‌కి ఒకటే దారి. మాటైనా పాటైనా తెర వెనక నుంచే. 1975లో 'షోలే' 70 ఎం.ఎం.లో స్టీరియోఫోనిక్ సౌండ్‌తో వచ్చింది. తెలుగులో ఆ వైభవం 1986లో కృష్ణ గారి 'సింహాసనం'తో వచ్చింది. 70 ఎం.ఎం. ప్రింట్ అంచుల్లో అయస్కాంత పూతలో ఆరు ట్రాకులుంటాయి. ఏ ట్రాక్ దారి దానిదే, విడదీసే పనే లేదు. కానీ ఆ ప్రింట్ ఖరీదు, ఆ థియేటర్ ఖరీదు! చిన్న ఊళ్లకు అది అందే సరుకు కాదు.

డాల్బీ వాళ్ల తెలివి ఇక్కడే ఉంది. 1970ల మధ్యలో వాళ్లు నాలుగు దారుల సౌండ్‌ని రెండు ట్రాకుల్లో కలిపి దాచేశారు. 1977లో 'స్టార్ వార్స్'తో అది ప్రపంచానికి తెలిసింది. 1982లో అదే ఉపాయం ఇళ్లకొచ్చింది, 1987లో ప్రో లాజిక్ పేరుతో మెరుగైంది. వీడియో క్యాసెట్‌లో ఉండేవి రెండు ట్రాకులే, అవి చాలు. అయితే కలిపి దాచినదాన్ని మళ్లీ విడదీసేవాడొకడు కావాలి కదా. వాడే డీకోడర్. నన్నడిగితే రిసీవర్‌లో అసలు సరుకు అదే, మిగతాదంతా కరెంటూ వైర్లూ.

అప్పట్లో మన వైపు సౌండ్ మోజు ఇంకో దారిలో వచ్చింది. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు సెలవుకొస్తూ టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్ తెచ్చేవాళ్లు. ఇంట్లో టేకు బల్ల మీద దానికో గుడ్డ కప్పి, పండగకే తీసేవాళ్లు. దుబాయ్ సెట్టుకి మన కరెంటు సరిపోయేది. సౌదీ నుంచి వచ్చినవాటిలో కొన్నిటికి వెనక 110–220 స్విచ్ ఉండేది, చూడకుండా ప్లగ్ పెడితే పొగే.

1992లో డాల్బీ డిజిటల్, 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ వచ్చాయి. డీటీఎస్‌లో సౌండ్ రీలు మీద ఉండదు, విడిగా సీడీలో ఉండి రీలు మీది గుర్తులను బట్టి నడుస్తుంది. తర్వాత డీవీడీ వచ్చింది. కొన్ని డీవీడీ ప్లేయర్ల వెనక ఆరు పిన్నులుండేవి, గుర్తుందా? విడదీసే పని ప్లేయరే చేసేసి, ఆరు వైర్లలో ఆరు సౌండ్లు పంపేది. ఆంప్ చేయాల్సింది పెద్దగా వినిపించడమే. మన మెకానిక్‌లు రాజ్యమేలింది అప్పుడే. సాన్యో వాళ్ల 4440 ఐసీ, ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక రేకు డబ్బా ఉంటే చాలు, 5.1 తయారు. ఆ రోజుల్లో అది మోసం కాదు ఫ్రెండ్స్. ఆరు లోపలికి, ఆరు బయటికి. కంపెనీ సెట్టు కొనలేని ఇంటికి నిజమైన సరౌండ్ వినిపించింది వాళ్లే.

తర్వాత డీవీడీ పోయింది, ఆరు వైర్లూ పోయాయి. ఇప్పుడు ఫోన్ నుంచి బ్లూటూత్ పెడతాం, అందులో వచ్చేది రెండు చానెళ్లే. పెన్‌డ్రైవ్, ఆక్స్ కూడా మామూలుగా అంతే. కానీ డబ్బా మీద 5.1 పేరు అలాగే ఉండిపోయింది. డీకోడర్ లేని ఆంప్ ఆ రెండు చానెళ్లనే ముందూ వెనకా కాపీ కొడుతుంది, రెండూ కలిపి సెంటర్‌కిస్తుంది, బేస్ వడకట్టి సబ్‌వూఫర్‌కిస్తుంది. స్పీకర్లు ఆరు, సౌండ్లు రెండు.

వాట్ల సంగతి కూడా చెప్పాలి. స్టిక్కర్ మీద "5000 వాట్స్ పీఎంపీఓ" అంటారు. 4440 ఐసీని బ్రిడ్జ్ చేసినా దాని డేటాషీట్ ప్రకారం వచ్చేది 19 వాట్లు. ఆరు వేసినా 114. లోపల 12 వోల్టుల 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అది ఇవ్వగలిగేది 60. బావిలో లేని నీళ్లు బొక్కెనలోకి రావు. యమహా ఆర్ఎక్స్-వీ385 లాంటి చిన్న రిసీవర్ మీద 70 వాట్లే రాసి ఉంటుంది, అదీ రెండు చానెళ్లు మోగినప్పటి లెక్క. ఆ 70 ఈ 5000 కంటే చాలా పెద్దది.

మరి తక్కువలో ఏం కొనాలి? ఈ మధ్య కొందరు మెకానిక్‌లు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ, ఆప్టికల్ ఉన్న డీకోడర్ బోర్డు కూడా వేసి ఇస్తున్నారు. బడ్జెట్ గట్టిగా ఉంటే నేనైతే దానికే ఓటేస్తా. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే సెకండ్ హ్యాండ్ కంపెనీ రిసీవర్, ఏఆర్‌సీ ఉన్నదే తీసుకోండి. ఓటీటీల్లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ ఏఆర్‌సీలో పోతుంది, ఆప్టికల్‌లో పోదు. కాకపోతే చాలా టీవీలు దాన్ని పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి ఆప్టికల్‌కి పంపుతాయి, 5.1 అలాగే వస్తుంది. ఏది కొన్నా టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో పీసీఎం మీద ఉంటే బిట్‌స్ట్రీమ్‌కి మార్చండి, లేకపోతే మళ్లీ రెండు చానెళ్లే. అమెరికా నుంచి అన్నయ్య పాత రిసీవర్ పంపిస్తా అంటే ముందు వెనక స్టిక్కర్ ఫొటో అడగండి. 120 వోల్టులే అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

షాపులో డబ్బులిచ్చే ముందు ఒక్క పని చేయండి. టీవీకి కలిపించి 5.1 టెస్ట్ క్లిప్ పెట్టించండి. "వెనక ఎడమ" అన్నప్పుడు ఆ ఒక్క స్పీకరే మాట్లాడాలి. అన్నీ కలిసి మాట్లాడితే కేబుల్, సెట్టింగ్ ఇంకోసారి చూడమనండి. అప్పుడూ అన్నీ మోగితే ఆ డబ్బా అక్కడే పెట్టి వచ్చేయండి.